నల్లగొండ, పాలమూరు నుంచి టీనేజ్ పిల్లలతో హైదరాబాద్ హిస్టరీ ట్రిప్: తరచుగా అడిగే ప్రశ్నలు

మన దిక్కు నుంచి హైదరాబాద్ పోవుడు పెద్ద ముచ్చటేం కాదు, దవాఖానకు పోతం, పెండ్లి బట్టలకు పోతం, ఎవరన్న దుబాయ్ పోతుంటే ఎయిర్‌పోర్టు దాకా పోతం. కానీ హిస్టరీ అంటే పడిచచ్చే పదమూడేండ్ల నుంచి పదిహేడేండ్ల పిల్లలను వెంటేసుకొని ఊరు చూపియ్యనీకి పోవుడు వేరే. చుట్టాలు, కాలనీ వాళ్ళు, పిల్లల ఫ్రెండ్స్ వాళ్ళ అమ్మానాయినలు ఫోన్ చేసి ఇవే అడుగుతున్నరు కాబట్టి అన్నీ ఒక్క దగ్గర రాసి పెడుతున్న.

ఒక్క రోజుల అయిపోతదా?

కాదు. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు 100 కిలోమీటర్లు, పొద్దుగాల బస్సెక్కినా ట్రాఫిక్ దాటుకొని మొదటి జాగకు చేరేసరికి పదకొండు అయితది, ఆకలైతది, మళ్ళా మాపటికి వాపస్ వచ్చే తొందర. రెండు రోజులు, నడుమ ఒక రాత్రి పెట్టుకోండి. ఒక రోజు గోల్కొండ దిక్కు, ఇంకో రోజు పాతబస్తీ దిక్కు. రెండూ ఒక్క రోజు కుక్కితే పిల్లలకు ఆటో ప్రయాణం తప్ప ఏం యాదికుండదు.

రాత్రి చుట్టాలింట్ల ఉండొచ్చా?

నల్లగొండోళ్ళకు ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ దిక్కు చుట్టాలు లేకుండ ఎవరుంటరు చెప్పండి. ఉండొచ్చు, కాకపోతే అత్తమ్మ టిఫిన్ పెట్టి, చాయ్ పోసి, పిల్లల మార్కులు అడిగి పంపేసరికి పది దాటుతది. ఏడున్నరకే బయల్దేరుతమని రాత్రే గట్టిగ చెప్పి పండుకోండి.

ఏ వారం పోతే మంచిది?

శుక్రవారం మాత్రం వద్దు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, పురానీ హవేలీల ఉన్న నిజాం మ్యూజియం, పబ్లిక్ గార్డెన్స్ల ఉన్న స్టేట్ మ్యూజియం, కుతుబ్‌షాహీ టూంబ్స్ (గోల్కొండ రాజుల సమాధులు) అన్నీ శుక్రవారం బందే. గోల్కొండ, చార్మినార్ తెరిచే ఉంటయి గాని మక్కా మసీదు కాడ మధ్యాహ్నం నమాజుకు జనం మస్తు ఉంటరు. ఆదివారం అన్నీ తెరిచి ఉంటయి కానీ సిటీ మొత్తం అక్కడ్నే ఉంటది. శనివారం, సోమవారం నాకు నచ్చుతయి. ఆదివారమే కుదిరితే ఒక లాభం ఉంది, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తరు, చదివే పిల్ల ఉంటే అక్కడ్నించి లేవది.

ఎండాకాలం సెలవులల్ల గోల్కొండ రాయి పెనం తీరుగ కాలుతది. దసరా సెలవులు, సంక్రాంతి సెలవులు బెస్ట్.

బస్సా, ట్రైనా, సొంత కారా?

కారు తీసుకపోతే పాతబస్తీల పార్కింగ్ కోసమే సగం రోజు పోతది. నల్లగొండ నుంచి బస్సుల వచ్చి ఎల్బీనగర్ల దిగి మెట్రో ఎక్కుడు సుఖం, అదే లైన్ మీద ఎంజీబీఎస్, ఉస్మానియా మెడికల్ కాలేజ్, అసెంబ్లీ స్టేషన్లు వస్తయి, మనకు కావాల్సిన జాగలు చానా వరకు వాటి పక్కనే. గోల్కొండకు, చార్మినార్‌కు మాత్రం మెట్రో లేదు, సిటీ బస్సో ఆటోనో.

పాలమూరు వాళ్ళు ట్రైన్ల రండి. కాచిగూడల దిగంగనే ట్రిప్ మొదలైనట్టే, ఆ స్టేషన్ బిల్డింగ్ 1916ల కట్టింది, నిజాం రైల్వేకు అదే హెడ్డాఫీస్. గుమ్మటాలు చూడకుండ గబగబ ఆటో కాడికి ఉరుకుతరు అందరు. బయటికొచ్చి రోడ్డు అవతల నిలబడి ఒకసారి వెనక్కి చూడమనండి.

ఆడపిల్లలకు, అమ్మలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీల ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల మహాలక్ష్మి కింద ఫ్రీ, ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తరు. సూపర్ లగ్జరీకి, మెట్రో రైలుకు ఇది లేదు. అక్కకు జీరో టికెట్, తమ్మునికి ఫుల్ టికెట్ అని బస్సుల లొల్లి అయితది, రెడీగ ఉండండి.

చూసేటివి చానా ఉన్నయి, ఏం పెట్టుకోవాలె ఏం తీసెయ్యాలె?

అసలు ముచ్చట ఇదే. నెట్ల "హైదరాబాద్‌ల చూడాల్సిన 25 ప్రదేశాలు" అని ఉంటది, దాన్ని పట్టుకొని పోతే హిస్టరీ ఇష్టమున్న పిల్లలకు కూడ విసుగొస్తది. ఈ వయసు వాళ్ళకు చూసుడు కన్నా వాదించుడు ఎక్కువ ఇష్టం. అందుకే ఒక ప్రశ్న చేతుల పెట్టి తీసుకపోవాలె. మా ఇంట్ల పిల్లలకు నోట్‌బుక్ ఇచ్చి పేజీ నడుమ గీత కొట్టించిన, ఒక దిక్కు "కథ", ఇంకో దిక్కు "ఆధారం". గైడ్ చెప్పింది, ఆటో అన్న చెప్పింది, నేను చెప్పింది అన్నీ ముందు కథ దిక్కే రాయాలె, బోర్డు మీదనో శాసనం మీదనో కనబడితే అప్పుడు ఇవతలికి తేవాలె.

వాదించుకోనీకి హైదరాబాద్‌ల సరుకు మస్తు. గోల్కొండ నుంచి చార్మినార్‌కు సొరంగం ఉందా? భాగమతి నిజంగ ఉండెనా, ఆమె పేరు మీదనే ఊరు పెట్టిన్రా? (చరిత్రకారులే దీని మీద ఇప్పటికీ ఒక్క మాట మీద లేరు.) చార్మినార్ ప్లేగు పోయిందని కట్టిన్రా, లేకపోతే కట్టిన 1591 హిజ్రీ లెక్కల సరిగ్గ 1000వ సంవత్సరం కాబట్టి కట్టిన్రా? గోల్కొండ వజ్రాలు గోల్కొండల దొరికినయా? ఈ ఆఖరు దానికైతే జవాబు ఉంది, దొరకలే. గనులు కృష్ణ ఒడ్డున కొల్లూరు అసుంటి దగ్గర ఉండె, గోల్కొండల అమ్ముడు కొనుడు నడిచింది, అందుకే ఆ పేరు. కోహినూరు గురించి క్లాసుల గొప్పలు చెప్పే పిలగానికి ఇది చెప్తే ముందు నమ్మడు, తర్వాత వాడే అందరికీ చెప్తడు.

గోల్కొండల ఏం చూపియ్యాలె?

పొద్దుగాల గేటు తెరవంగనే లోపటుండాలె. కాకతీయుల కాలంల మట్టి కోట, 1518 కాడి నుంచి కుతుబ్‌షాహీల రాజధాని, 1687ల ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబుకు చిక్కింది. ఈ మూడు ముక్కలు తెలిస్తే చాలు, మిగతాది కోటనే చెప్తది.

చప్పట్లు అందరు కొడతరు. బాలాహిస్సార్ దర్వాజా గుమ్మటం కింద కొడితే కొండ మీద బారాదరి మంటపం దాకా ఇనబడతది. కానీ ఇద్దర్ని విడగొట్టి ఒకర్ని ముందే పైకి పంపించి, ఎన్నిసార్లు కొట్టింది ఫోన్‌ల చెప్పమనండి, అప్పుడు అది ఆట కాకుండ పరీక్ష అయితది. గుమ్మటం కింద నుంచి రెండడుగులు పక్కకు జరిగి కొడితే ఏమైతదో కూడ చూడమనండి.

తలుపుల మీద ఇనుప మేకులు ఎందుకున్నయో, గేటు ముంగట అడ్డంగ గోడ ఎందుకుందో మీరు చెప్పకండి, ఏనుగుతోని తలుపు పగలగొట్టాలంటే ఎట్ల వస్తవ్ అని అడగండి, వాళ్ళే చెప్తరు. నీళ్ళు కొండ మీదికి ఎక్కించిన మట్టి పైపులు గోడలల్ల ఇప్పటికీ కనబడతయి, చానామంది చూడకుండనే పోతరు.

రామదాసు బందీఖానా కాడ కొంచెం సేపు ఆగండి. కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారు, వసూలైన సర్కారు పైసలతోని భద్రాచలం గుడి కట్టించిండని తానీషా జైల్ల పెట్టిండు. లోపట చీకటిగ, చల్లగ ఉంటది, పైన చిన్న సందుల నుంచి వెలుగు పడతది, గోడ మీద రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుని బొమ్మలు ఉంటయి, ఆయననే చెక్కిండని చెప్తరు. ఇక్కడ మావోళ్ళు కొట్లాడుకున్నరు. మా బిడ్డ, "సర్కారు పైసలు అడగకుండ వాడితే ఇప్పుడైనా జైలే కదా డాడీ" అన్నది. మా బామ్మర్ది కొడుకేమో, "అదే తానీషా దగ్గర అక్కన్న మాదన్నలు మంత్రులు, రామదాసుకు మేనమామలు, మరి వాళ్ళెందుకు విడిపియ్యలే" అన్నడు. మంచి ప్రశ్న. కొండ మీద ఎల్లమ్మ గుడి దాకా అదే లొల్లి, ఆషాఢంల బోనాలు మొదలయ్యేది ఈ కోటలనే.

గైడ్ కావాల్నా అంటే, పెద్ద గుంపు ఉంటే తీసుకోండి, కథలు మంచిగ చెప్తరు, నోట్‌బుక్‌ల కథ దిక్కు నిండుతది.

టూంబ్స్ కూడ అదే రోజు చూడొచ్చా?

చూడొచ్చు, కోటకు దగ్గర్నే. అన్నం తిని ఎండ తగ్గినంక పోండి. చెట్లు, నీడ, మంచిగ బాగుచేసిన్రు కూడ. పిల్లలకు ఒక్క పని చెప్పండి: ఆఖరి రాజు అబుల్ హసన్ తానీషా సమాధి ఎక్కడుందో వెతకమనండి. వెతికి వెతికి వస్తరు. అది అక్కడ లేదు, ఔరంగజేబు ఆయనను దౌలతాబాద్ కోటల బంధిస్తే అక్కడ్నే చనిపోయిండు.

పాతబస్తీ రోజు ఎట్ల ప్లాన్ చెయ్యాలె?

పొద్దుగాల చార్మినార్. ఇరుకు గుండ్రటి మెట్లెక్కి మొదటి అంతస్తు దాకా పోనిస్తరు. పై నుంచి నాలుగు దిక్కుల రోడ్లు చూపియ్యండి, ఊరు మొత్తం ఈ నడిమిట్ల పెట్టుకొని గీసిన్రని అప్పుడు తెలుస్తది. గడియారాలు మాత్రం కుతుబ్‌షాహీలవి కావు, 1889ల పెట్టినయి. తర్వాత పక్కనే మక్కా మసీదు: కుతుబ్‌షాహీలు మొదలుపెడితే ఔరంగజేబు కాలంల 1694ల పూర్తయింది, గెలిచినోడు ఓడినోని మసీదు పూర్తి చేసిండు. ఆసఫ్‌జాహీ నిజాముల సమాధులు కూడ ఆవరణలనే ఉంటయి. నిండుగ బట్టలు కట్టుకొని పోండి, షార్ట్స్ వద్దు.

అక్కడ్నించి నడుచుకుంట చౌమహల్లా. దర్బారు హాల్ల షాండ్లియర్లు, బయట పాత కార్లు, పసుపు రంగు రోల్స్ రాయిస్ కాడ మొగపిల్లలు ఆగిపోతరు.

పాలమూరు పిల్లలైతే పురానీ హవేలీ తప్పకుండ చూపియ్యండి. వాళ్ళ జిల్లాకు 1890ల మహబూబ్‌నగర్ అని పేరొచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మీద, ఆయన బట్టల బీరువా ఇక్కడుంది. బీరువా అంటే బీరువా కాదు, రెండంతస్తుల టేకు కట్టడం, ఒక కొసన నిలబడితే ఇంకో కొసకు ఉన్న మనిషి చిన్నగ కనబడతడు. ఒకసారి కట్టిన బట్ట మళ్ళా కట్టకపోయేదట, ఇది కథ దిక్కే రాసుకోవాలె.

సాలార్‌జంగ్ బోర్ కొడతదంటరు, నిజమేనా?

మొత్తం చూస్తే పెద్దోళ్ళకే కాళ్ళు గుంజుతయి. రెండు గంటలు చాలు. గంట కొట్టే గడియారం కాడ జనం ముందే పోయి కూసుంటరు, టైం కాంగనే లోపల్నుంచి చిన్న గడ్డపాయన బయటికొచ్చి గంట కొట్టి లోపటికి పోతడు, పన్నెండింటికి అయితే జాతరే. వెయిల్డ్ రెబెక్కా పాలరాతి బొమ్మ ముసుగు చూసి ఇది నిజంగ రాయేనా అంటరు, మొదటి సాలార్‌జంగ్ 1876ల రోమ్‌ల కొన్నడు. తర్వాత ఆయుధాలు. మిగతావి వాళ్ళిష్టం.

టైం మిగిలితే పబ్లిక్ గార్డెన్స్ల స్టేట్ మ్యూజియం. ఈజిప్టు మమ్మీ పేరు చెప్పి లోపటికి తీసుకపోయి బౌద్ధ శిల్పాల కాడ నిలబెట్టండి. మన సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలు 2023ల న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఎగ్జిబిషన్ దాకా పోయినయి అంటే పిల్లలు ఫోన్ తీసి వెతుకుతరు, ఆ ఊరి మీదికెళ్ళి ఎన్నిసార్లు పోయినమో లెక్కపెడతరు.

నల్లగొండ పిల్లలకు మన జిల్లాతోని కలిసే జాగ ఏదన్న ఉందా?

ఉంది, మూసీ. నయాపుల్ మీద నిలబడితే వాసనకు ముక్కు మూసుకుంటరు, మూసుకోనియ్యండి, ఈ నీళ్ళే కేతేపల్లి కాడ మన మూసీ ప్రాజెక్టుకు వస్తయి, ఆఖరికి వాడపల్లి కాడ కృష్ణల కలుస్తయి అని చెప్పండి.

1908 సెప్టెంబరు 28న ఈ మూసీనే పొంగి ఊరును ముంచింది, వేలమంది చచ్చిపోయిన్రు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణల ఒక చింతచెట్టు ఉంది, ఆ రోజు దాని కొమ్మలు పట్టుకొని 150 మంది దాకా బతికిన్రు. చెట్టు ఇప్పటికీ ఉంది, మొద్దు మస్తు లావు. ఆ చెట్టు కాడ మావోళ్ళు ఫొటో తీసుకోలే, పైకి చూసి, "150 మంది ఈ కొమ్మల మీదనా" అని ఒక్కో కొమ్మకు ఎంతమంది పడతరో లెక్క కట్టిన్రు. ఆస్పత్రి కాబట్టి పేషెంట్లకు ఇబ్బంది కాకుండ చూసి రండి. ఆ వరద తర్వాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపిచ్చిన్రు, 1920ల గండిపేట, 1927ల హిమాయత్‌సాగర్ వచ్చినయి. ఒక చెట్టు, ఒక నది, రెండు చెరువులు, మొత్తం కథ కళ్ళ ముంగటనే ఉంటది.

ఇంకోటి, హుస్సేన్‌సాగర్ బుద్ధుని రాయి భువనగిరి పక్కన రాయగిరిది. 1990ల పడవ మీద తీసుకపోతుంటే చెరువుల మునిగింది, మనుషుల ప్రాణాలు కూడ పోయినయి, రెండేండ్ల పైన నీళ్ళల్ల ఉండి 1992ల లేచి నిలబడ్డది.

"నిజాం మంచోడా చెడ్డోడా" అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలె?

ఇది అడుగుతరు, చౌమహల్లాల కాదు, వాపస్ వచ్చేటప్పుడు బస్సుల అడుగుతరు. మన నల్లగొండల దీనికి ఉత్తగ జవాబు చెప్పనీకి రాదు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలనే ఉస్మానియా యూనివర్సిటీ, హైకోర్టు, గండిపేట. ఆయన కాలంలనే ఊర్లల్ల వెట్టిచాకిరి, దొరల గడీలు, ఖాసిం రజ్వీ రజాకార్లు. 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం ఎక్కువ నడిచింది మన జిల్లాలనే, 1948 సెప్టెంబరుల ఇండియా సైన్యం వచ్చినంక కూడ ఆగలే. తాతల తరానికి ఇది పుస్తకం కాదు, ఇంట్ల జరిగిన ముచ్చట.

నేనైతే మంచి చెడ్డ అని తీర్పు చెప్పను. హైవే మీద చిట్యాల దాటినంక గుండ్రాంపల్లి వస్తది, అక్కడ రజాకార్ల చేతుల చచ్చిపోయినోళ్ళ యాది ఉంది, పోయేటప్పుడే చూపిస్త. వచ్చేటప్పుడు బొల్లేపల్లి రావి నారాయణరెడ్డి ముచ్చట చెప్త, 1952 ఎన్నికలల్ల నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతోని గెలిచిండు. షాండ్లియర్ల కింద నిలబడ్డ పిల్లకు ఆ నూనె పైసలు ఏ ఊరి నుంచి వచ్చినయో తెలవాలె, అంతే.

దీని మీద ఎక్కువ ఆసక్తి ఉన్నోళ్ళు కోఠి పోండి. పాత బ్రిటిష్ రెసిడెన్సీ అక్కడుంది, మెట్లకు రెండు దిక్కుల సింహాలు. నిజాం దగ్గర బ్రిటిషోళ్ళ ప్రతినిధిగ ఉన్న కిర్క్‌పాట్రిక్ కట్టించిండు, 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ దాని మీదనే దాడి చేసిన్రు. అది ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు మీద ఉన్న మహిళా యూనివర్సిటీ ఆవరణ, ఊరికే లోపటికి పోనియ్యరు, హెరిటేజ్ వాక్ ఉంటే ముందే బుక్ చేసుకోవాలె. దగ్గర్నే సుల్తాన్‌బజార్ల శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1901 నాటి లైబ్రరీ, తెలుగు చదువుడే కష్టంగ ఉన్న రోజులల్ల పెట్టింది.

ఒక పిల్లకు హిస్టరీ పిచ్చి, ఇంకోనికి అస్సలు ఇష్టం లేదు. ఎట్ల?

ఇష్టం లేనోనికి రూట్ అప్పజెప్పండి, మెట్రో, ఆటో బేరం, లెక్కలు అన్నీ వాడే. సాయంత్రం బిర్లా సైన్స్ సెంటర్ల డైనోసార్ అస్థిపంజరం చూపిస్తమని మాటియ్యండి, అది మన తెలంగాణ ఆదిలాబాద్ దిక్కు దొరికిన కోటాసారస్, ఎక్కడిదో అమెరికాది కాదు.

తిండి?

చార్మినార్ పక్కన నిమ్రాల ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. మధ్యాహ్నం బిర్యానీ పెట్టుకుంటే తర్వాత ఎవ్వరు నడవరు, రాత్రికి పెట్టుకోండి. గోల్కొండకు ఇంటి నుంచి పులిహోర, సర్వపిండి కట్టుకపోతే మేలు. నీళ్ళ బాటిల్ మనిషికొకటి. రంజాన్ నెలల పోతే పాతబస్తీ రాత్రి పూట చూడాలె, హలీం కోసమైనా.

టికెట్లకు ఎంతయితది?

గోల్కొండ, చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖవి, 15 ఏండ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, పెద్దోళ్ళకు కూడ తక్కువనే. వయసు కోసం పిల్లల ఆధార్ పెట్టుకోండి. మిగతా మ్యూజియాలకు వేరే వేరే టికెట్లు, కొన్ని కాడ కెమెరాకు సపరేట్. టికెట్ల కన్నా ఆటోలకే ఎక్కువైతది.

ఫలక్‌నుమా చూడొచ్చా?

అది ఇప్పుడు హోటల్, ఊరికే పోతే గేటు కాడ ఆపుతరు. కింద నుంచి చూసి రండి.

పోయే ముందు పిల్లలతోని ఏమన్న చదివియ్యాలా?

చదివించే కన్నా ముందు ఇక్కడియి చూపియ్యండి. నల్లగొండ వాళ్ళు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం పోండి, గర్భగుడిల నీడ పొద్దంత ఎట్ల నిలబడుతుందో వాళ్ళే కనుక్కోనియ్యండి. భువనగిరి కోట, దేవరకొండ కోట ఎక్కినోళ్ళకు గోల్కొండ గోడ ఎందుకు అట్ల కట్టిన్రో వేరే చెప్పే పని లేదు. పాలమూరు వాళ్ళకు ఘనపురం కోట, గద్వాల, అలంపురం చాళుక్యుల గుళ్ళు ఉండనే ఉన్నయి.

అమ్మమ్మ, తాతలు కూడ వస్తమంటున్నరు?

పాతబస్తీ రోజు రమ్మనండి. సాలార్‌జంగ్ల కూసునే జాగలు ఉంటయి, చౌమహల్లా సాపుగ ఉంటది. గోల్కొండ మెట్లు మూడొందల పైన, కింద తోటల కూసుంటమంటేనే తీసుకపోండి.

మాకు ఒక్క పూటనే ఉంది, ఒక్కటే చూడాలంటే?

గోల్కొండ. చార్మినార్ పెండ్లి బట్టలకు పోయినప్పుడు ఎట్లాగు చూస్తరు.